రాళ్లవాన మీద సాన్పి

"అవ్వా, టీవీల సూడు! ఇంటి ముంగట బాట మీద మంచు పడితె పారలు పట్టుకొని ఎట్ల ఎత్తుతున్నరో!"

గదొక మంచేనా బిడ్డా? నేను జెప్త ఇను. ఒక్క ముక్క అబద్ధమున్నా రేపటి సంది నా నోట్లె ఆకు వక్క పడొద్దు. నువ్వు పుట్టిన దినం మన బాట మీద రాళ్లవాన పడ్డది. ఒక్కొక్క మంచురాయి గుమ్మడికాయంత! సరె, గుమ్మడికాయ గాదు, కొబ్బరికాయ. ఒకటి మన బర్రె నెత్తి మీద పడితె గా దినమంత అది మేక లెక్క అరిసింది, తెల్సా?

తెలంగాణ వచ్చిన కొత్తల, ఎండలు గప్పుడే ముదురుతున్నయి. వాన ఆగంగనే మీ అమ్మకు నొప్పులు మొదలైనయి. ఆటో గల్లీ మొగదల్నే ఆగింది, లోపటికి పట్టదు గద. మన ఇంటికి, మీ చిన్నవ్వ ఇంటికి నడుమ ఉన్న బాట జానెడాయె. రెండు దిక్కుల రేకుల మీదికెల్లి జారిన రాళ్లన్ని అండ్లనే కుప్పవడ్డయి. మోకాళ్ల దాక... కాదు కాదు, నడుం దాక.

నేను పార వట్టి మీ చిన్నవ్వ దర్వాజ దిక్కు నూకుతున్న. అది తట్టతోని మళ్ల నా దర్వాజ దిక్కు పోస్తాంది. మీ తాత తమ్ముని పెండ్లామె గని, దాని కోడి నా వడ్లు తిన్న కాడికెల్లి మాకు మాటల్లేవు. అందుకని అది గోడకు జెప్తాంది: "ఓ గోడా, కొందరికి కండ్లు నెత్తికెక్కినయి." నేను బర్రెకు జెప్పిన: "ఇన్నవానె బర్రె, కొందరి మొకానికి గీ రాళ్లు గూడ తక్కువే."

మీ అమ్మ కడుపు పట్టుకొని ఒర్రింది: "అత్తా! చిన్నత్తా! మీ పంచాది తెగేదాక బిడ్డను లోపట్నే పెట్టుకోవాల్నా?"

గప్పుడు సిగ్గొచ్చి ఇద్దరం కలిసి బాట జేసినం. అడుగున పలసగ మిగిలినయి అంతే. ఇగ పురిటికి పొయ్యేటిదాన్ని సాన్పి లేని వాకిట్లకెల్లి దాటిస్తమా? గా ఒక్క ముచ్చట్ల మేమిద్దరం ఒక్కటే. అది పెండ తెచ్చె, నేను కలిపి సల్లితి. సల్లిందే తడువు, బాట సబ్బు బిళ్లాయె! మీ బాపు సంచి పట్టుకొని ఒక్కడుగేసిండు, జర్రున జారి ఆటో కింద తేలిండు.

మీ అమ్మ గడప మీద ఏడుస్తాంది. అడుగేస్తె తల్లీ పిల్లా ఇద్దరు పోతరు. నా గుండె ఝల్లుమన్నది బిడ్డా, ఇదైతె నిజం. అంటె మిగిలింది గూడ నిజమే అనుకో.

మీ చిన్నవ్వ నా దిక్కు రెండు చేతులు సాపింది. నావి గూడ కలిపి అడ్డంగ పట్టినం, కుర్సీ లెక్క. మీ అమ్మ కూసుంటె ట్రాక్టర్ నిండ పత్తెత్తినట్టే ఉండె. నడుమ మీ చిన్నవ్వ జారి మోకాళ్ల మీద పడ్డది గని, చేతులు మాత్రం ఇడువలె. నెత్తురు కారుతున్నా లేసి ఆటో దాక నడిసింది.

దవాఖాన దర్వాజ దాటంగనే పుట్టినవు నువ్వు. నీ ఏడుపుకు ఆలేరు టేషన్ల రైలాగిందట.

"అయితె గా దినం సంది మాట్లాడుకుంటున్నరా అవ్వా?"

ఎందుకు మాట్లాడుతం? కోడి పంచాది తెగిందా? అది గాదు గని, గటు సూడు, మబ్బు కమ్ముతాంది. మిరపకాయలు ఎండవోసి గుర్రుపెడ్తున్నట్టుంది గా ముసల్ది. ఉరికి పొయి లేపు. దాన్ని వంగనియ్యకు, నువ్వే ఎత్తి లోపట వెట్టు. నేను పంపిన్నన్నవో, సూడు మరి! పో బిడ్డా, జల్ది పో.