భద్రమ్మత్త చేయించుకున్న పేడపురుగు

ఒరే ఒరే అవినాషూ, తొక్కీకురా దాన్ని! పక్కకి జరుగు, ఎల్లనీ. పేడపురుగే, అయితే ఏటి? సూడు ఎలా దొర్లిస్తందో, ఎనక్కాళ్ళతో తలకిందులుగా, మీ తాత బండి రివర్సు తీసినట్టు. మా అత్త ఉండుంటే నీ ఈపు ఇమానం మోత మోగిపోను. మీ తాత వాళ్ళమ్మరా, భద్రమ్మ. నువ్వు పుట్టకముందే పోయింది. ఈ కిరండూల్ గనుల క్వార్టర్సులో మూడు లైన్లకి ఇనపడీది ఆవిడ గొంతు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు కదా, ఆవిడవి అతక్కపోయినా బాగుండీవి. తోంగ్‌పాల్ సంతకెళ్తే పులి ఎదురొచ్చిందనీది. ఏటి సేసేవత్తా అంటే, "ఏటి సేస్తానే, నమస్తే అన్నాను, అదీ తలూపింది" అనీది.

ఏటి సెప్తన్నాను? ఆఁ, పురుగు. ఓరోజు టీవీలో ఈజిప్టోళ్ళ గురించి ఒచ్చింది, అంతా హిందీ. పక్క క్వార్టరు సుశీల టీచరు కూకుని వచ్చీరాని తెలుగులో సెప్పింది మాకు. "అమ్మాజీ, ఆ దేశంలో పాతకాలం వాళ్ళకి ఈ పురుగే భగవాన్. ఇది ఉండ దొర్లించినట్టే ఆకాశంలో పురుగు దేవుడు సూర్యుణ్ణి దొర్లిస్తాడు. ఉండలోంచి కొత్త పురుగు వస్తుంది కదా, అలాగే చచ్చిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారు అని." మా అత్త ఒకటే నవ్వు, "ఓలమ్మో, రోజూ నాను దండమెడతన్నది పేడుండకేటి!" అని. అక్కడితో ఆగితే బాగుణ్ణు. ఆ టీచరమ్మ ఇంకా సెప్పింది. సచ్చినోడి గుండెని తక్కెట్లో యేస్తారంట, ఇటు గుండె, అటు ఈక, పాపం బరువెంతో తేల్సడానికి. అప్పుడా గుండె నోరిప్పి ఈడిలాంటోడు అని సెప్పీకుండా, రాతి పురుగొకటి సేసి గుండె మీద పెడతారంట. "నా గుండే, నా మీద సాక్ష్యం సెప్పకే" అని దాని మీద రాసి. అంతే. మా అత్త నవ్వాగిపోనాది. ఆ పూట అన్నం ముట్నేదు.

తెల్లారి "ఒలే రమణమ్మా, నాకా పురుగు కావాలే" అని నన్ను లాక్కుని సంతకెళ్ళింది. అక్కడ ఇత్తడి బొమ్మలు పోతపోసే మంగ్లూ ఉండీవోడు. ఆడు పగలబడి నవ్వినాడు. "మాయీ, ఏనుగు తీస్కో, నెమలి తీస్కో, గోబర్ పురుగు ఇప్పటిదాకా ఎవరూ అడగలే." మా అత్త ఊరుకుంటాదా? "నువ్వు పోతపోసీ అచ్చు మట్టీ పేడా కలిపిందే కదరా. పేడలోంచి ఏనుగొస్తే పురుగు రాదేటి?" సేసిచ్చినాడు, నిమ్మకాయంత. ఒళ్ళంతా పురుగే, మూతి మాత్రం ఎద్దు మూతి. ఆడి సేతికి అదే అలవాటు మరి.

ఇంటికొస్తా అడిగేను, ఎందుకత్తా అంత బయం, పులి కత బయటపడిపోద్దనా అని. కల్వర్టు మీద కూలబడిపోనాది. "పులి కాదే, నీ పెళ్ళి. నీది ఆశ్లేష నచ్చత్రం అన్నాడే పంతులు. ఆ పిల్ల గడప తొక్కితే అత్తకి గండం, ఏడాది తిరక్కుండా పోతావు భద్రమ్మా, ఒద్దన్నాడు. నాను ఇంటికొచ్చి, బెమ్మాండంగా కుదిరింది, పప్పన్నం ఎప్పుడని అడిగేడు అని సెప్పీసేను." నువ్వు పోతావని తెలిసీ ఎందుకు సేసేవత్తా అన్నాను. "పెళ్ళిసూపుల్లో పులి కత సెప్తే అందరూ మూతులు తిప్పుకున్నారు. ఆడపులా మగపులా అనడిగింది నువ్వొక్కదానివే. అలాంటి పిల్లని ఒదులుకుంటానేటి? కానీ రేపు నా గుండె పైకెళ్ళి కూసీసి, ఇది దొంగ పెళ్ళి, సెల్లదు అనీస్తే నీ బతుకేటే?" ఏడుపేరా నిజంగా, ఆవిడకి!

నాకెలా తట్టిందో మరి. "అత్తా, మనం కాల్చీసీవోళ్ళం. గుండె కూడా బూడిదే. ఇంక కూసీదెవరు?" అన్నాను. నోరు తెరుసుకుని సూసింది నన్ను. తరవాత నవ్వింది సూడూ, రోడ్డు మీద లారీవోడు ఆగి ఏటయిందనడిగేడు. "ఓసి నా తల్లీ, మనోళ్ళది ఎంత తెలివే! ఆ ఈజిప్టోళ్ళు గుండె దాసుకుని సచ్చేరు!"

పురుగునేటి సేసిందంటావా? దేవుడి అరలో అరసవిల్లి సూర్యనారాయణమూర్తి పటం ఎనక్కాల పెట్టీసింది. ఇదేటత్తా అంటే, "లాగడానికి ఏడు గుర్రాలున్నాయి, తొయ్యడానికి ఒకడుండొద్దా?" అన్నాది. గండం గండం అన్న పంతులు ముందు పోయేడు, ఈవిడ నీకంటే ముందు పుట్టిన మునిమనవల్ని ఎత్తుకుని మరీ పోయింది. నిద్దట్లో, నవ్వు మొకంతో.

మీ తాతకా? ఈ సంగతి తెల్దు. ఆయన ఇప్పటికీ కనపడ్డోళ్ళందరికీ "జాతకాలు సూపించుకుని సేసుకోండి, మా పెళ్ళి సూడండి ఎలా కుదిరిందో" అని సెప్తాడు. నాను పక్కన కూకుని ఊఁ కొడతాను. అడిగితే సెప్పీద్దును గానీ, ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగ... ఆఁ, ఒచ్చేరా? ఏట్నేదండీ, గుంటడికి పేడపురుగు సూపిస్తన్నాను. కాళ్ళు కడుక్కోండి, పెసరట్టు యేస్తాను.