కొండదారి టైర్లు

టైర్ల షాపు ముందు ఆమె పికప్ ఆపి దిగింది. బండిని గుర్తుపట్టి షాపాయన లేచి నిలబడ్డాడు.

"వానలో బురదను పట్టుకునే టైర్లు కావాలన్నా. కొండమీదికి వెళ్లాలి."

"మళ్లీ ఆ దారిలోనేనా అమ్మా?"

"అక్కడి మలుపులో బండి జారి మా ఆయన పోయాక కొండమీది ఊళ్లకి సరుకు తీసుకెళ్లేవాళ్లే లేరు."

"గ్రిప్ లోతుగా ఉన్నవి వేస్తాను. తారు రోడ్డు మీద మాత్రం బాగా హోరు పెడతాయి."

"పెట్టనీండి. బండి నిశ్శబ్దంగా ఉంటే పక్కసీట్లోంచి ఆయన గొంతు వినిపిస్తుంది."

"ఏమంటాడు?"

"మలుపొస్తోంది, నెమ్మది అంటారు."

షాపాయన తల దించుకున్నాడు.

"పాత టైర్లు ఇంకో వానాకాలం మన్నుతాయని ఆయనకి చెప్పింది నేనేనమ్మా."

"తెలుసన్నా. అందుకే వేరే షాపుకి వెళ్లలేదు. అరిగిన టైర్లు చాలన్న ఆ మాట మళ్లీ నాతో అనడానికి మీకు నోరు రాదు."