ముత్తయ్య రాసిన రిజిస్టరు

హలో… ఆ, నేనే. ముత్తయ్య భార్యను. శోభారాణి టీచర్‌ను.

…చెప్పండి, భానుప్రకాశ్ సార్. నా ఉత్తరం అందినట్టున్నది.

…ఆ, బడి నుంచి వచ్చిన. అలియాబాద్‌లనే ఉన్న, ఇంటికాడ. మా ఇల్లు మీకు తెలుసు కద. ఒకసారి వచ్చిండ్రు.

…మీరు రిటైరైనంక గుండ్లపోచంపల్లిల ఇల్లు కట్టుకున్నరట. సంతోషం.

…రిజిస్టరు దొరికిన మాట నిజమే. రెండు వేల పద్నాలుగుది. శామీర్‌పేటల మీ మిలిటరీ శిక్షణ కేంద్రానికి బండ్ల రిపేరు నేర్చుకోనీకె వచ్చిన అఫ్ఘాన్ సైనికుల హాజరు. వాళ్లల్ల హమీద్ పేరు ఏడో వరుసల ఉన్నది. పదకొండు నెలలల్ల మూడు రోజులు జ్వరం. మిగతాదంత హాజరే.

…ఎక్కడ దొరికిందో మీకే తెలియాలె, సార్.

…సరే, నేనే చెప్త. నా నాలుగో తరగతిల సుస్మిత అని ఒక పిల్ల. దాని హోంవర్కు పుస్తకం ఇంత పెద్దగ, అట్ట గట్టిగ ఉన్నది. ఎక్కడిదే ఇది అని తిప్పి చూసిన. వెనుక సగం పిల్ల రాసిన ఎక్కాలు. ముందు సగం… మా ఆయన చేతిరాత.

—

లేదు, లైన్ల ఉన్న. చెప్పండి.

…ఔను, ఆ పిల్ల తండ్రి లింగస్వామే. మేడ్చల్‌ల పాత కాగితాలు కొంటడు.

…ఆయనను ఏమనకండి. జాగ్రత్త మనిషి. మిలిటరీ కాగితం గేటు దాటాలంటె పాసు ఉండాలె, రేపు పోలీసులు అడిగితె చూపియ్యాలె అని గేటు పాసులన్ని తీగకు గుచ్చి దాచుకున్నడు. రెండేండ్ల కింద తనిఖీకి పెద్దసార్లు వస్తున్నరని ముందటి రోజు మీరు రికార్డుల గది ఖాళీ చేయించిండ్రు. పద్దెనిమిది మూటలు. పాసు మీద సంతకం మీది. ఆ రోజు ముత్తయ్య సెలవుల ఉన్నడు. సెలవు చీటీ మీద గూడ సంతకం మీదే.

…తొందరల చూసుకోలేదంటరు. సరే. అమ్మింది తొందరల. గుమాస్తా ముత్తయ్య పోగొట్టిండని రాసింది మాత్రం తొందరల కాదు. నాలుగు పేజీలు రాసిండ్రు.

…ఔను, వాయిదా వచ్చే సోమవారమే. హమీద్‌ను కెనడాల ఉండనిస్తరా, పంపేస్తరా అన్నది ఆ రోజు తేలుతది. ఆ పదకొండు నెలలు ఏదో సాయుధ ముఠాల తిరిగిండని అక్కడి సర్కారోళ్ల అనుమానం. ఇక్కడ ఉన్నట్టు కాగితం కావాలె. హమీద్ వకీలు అడిగితె మీ ఆఫీసు ఏం జవాబిచ్చిందో తెలుసు కద. గుమాస్తా పోగొట్టిండట. చచ్చిపోయిన మనిషి మీద మళ్ల.

…హమీదే అప్పుడు నాకు ఫోన్ చేసిండు. ఎవరినో అడిగి నంబరు పట్టుకున్నడు. ముత్తయ్య చెరువు చాపల కూర తినిపిచ్చిండని చెప్పుకుంట ఏడ్చిండు. వచ్చీరాని తెలుగుల.

…నిజం చెప్పాల్నా? రిజిస్టరు దొరికినంక పన్నెండు రోజులు బీరువాల పెట్టుకొని కూసున్న. హమీద్ నాకు యాదికి రాలేదు. మీరే యాదికొచ్చిండ్రు, మిమ్మల్ని ఎట్ల పట్టియ్యాల్నని. హమీద్ విషయంల సిగ్గుపడుతున్న. మీ విషయంల సిగ్గు లేదు.

…రిజిస్టరు ఒక్కటే చాలదట. ఎక్కాలు రాసిన పుస్తకాన్ని ఎవరు నమ్ముతరు? ప్రతి నెల కింద మీ సంతకం ఉన్నది. అది మీదేనని, పుస్తకం బయటికి ఎట్ల పోయిందో మీరే ప్రమాణపత్రం రాసియ్యాలె.

…ఏమని రాస్తనంటున్నరు?

—

ముత్తయ్య పొరపాటున ఇంటికి తీస్కపోయిండని రాస్తరా.

—

పోయినాయన కాదనడు కద అంటరు.

…సార్. ఒక్క నిమిషం. దగ్గర పెన్ను ఉన్నదా?

…తెల్లకాగితం చాలు. రేపు పొద్దున మేడ్చల్‌ల నోటరీ దగ్గర సాఫు రాద్దాం. నేను చెప్త, మీరు రాయండి. ముప్పై ఏండ్ల సంది పిల్లలతోని రాయిస్తున్న. మెల్లగనే చెప్త.

…రాయకపోతెనా? గేటు పాసు నకలు కవర్ల పెట్టి అంటించిన. మీ పెద్దాఫీసు చిరునామా గూడ రాసిన. రాస్తె తప్పు ఒప్పుకున్న మనిషి అయితరు. రాయకపోతె దొరికిన మనిషి అయితరు. పింఛను సంగతి నాకు తెల్వది.

…ఆ. మొదలుపెడదాం. 'భానుప్రకాశ్ అను నేను శామీర్‌పేట శిక్షణ కేంద్రంలో సూపరింటెండెంటుగా పనిచేశాను.' …అయ్యిందా? 'ఈ రిజిస్టరులోని సంతకాలు నావి. హమీద్ పదకొండు నెలలు నా కళ్లముందే శిక్షణ పొందాడు.'

…కొత్త పేరా. 'ఈ రిజిస్టరును పాత కాగితాలతో పాటు అమ్మించింది నేను.'

…'అమ్ముడుపోయింది' అని కాదు. దానంతట అది నడిచి పోలేదు.

…'గుమాస్తా ముత్తయ్య దాన్ని పోగొట్టలేదు. ఆ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు.'

—

ఎందుకు ఆగిండ్రు?

…నిజమే. ఆ మాట హమీద్‌కు అక్కర లేదు. అది నాకు కావాలె.

…నీళ్లు తాగండి. నేనెటు పోను.

…ఇంకొక్కటే. 'ముత్తయ్య దొంగ కాడు.'

…ఎందుకా? దొంగ అన్న మాట మీదే. రిజిస్టరు వెతుకుతమని ఇద్దరు మనుషులను తీస్కొచ్చి మా అత్తమ్మ ట్రంకుపెట్టె గల్లిల కుమ్మరిచ్చినప్పుడు అన్నరు. ఆమె చీరెలు, మా మామ ఫోటో, దాచుకున్న మందుగోలీలు. గల్లంత చూసింది. ఆరు నెలలు ఆయన తల ఎత్తి ఈ గల్లిల నడవలేదు. ఆ తర్వాత అసలు నడవనే లేదు. ఆయన పెద్దకర్మకు మీ ఆఫీసు నుంచి ఒక్కరన్న రాలేదు. పోవద్దని చెప్పింది ఎవరో నేను అడగను.

…రాసిండ్రా? మంచిది. ఇగ చదవండి.

…నాకు కాదు. మేం వాకిట్ల కూసున్నం. ఇగో, స్పీకరు పెడుతున్న. మా అత్తమ్మ, రుక్కమ్మ, నా పక్కనే ఉన్నది. ఎనభై రెండేండ్లు. చెవులు సరిగ వినబడవు. గట్టిగ చదవాలె.

…ఉన్నరు, గల్లిల మనుషులున్నరు. ఆ రోజు గూడ ఉండిరి.

…ఆ, వింటున్నం. చదవండి.

…

…

అత్తమ్మా. ఇన్నవా?

—

సార్, వినబడలేదంటున్నది. ఫోను ఆమె చేతికిస్తున్న. మళ్ల చదవండి. మొదటి నుంచి.