రాయికి కాలు అడ్డుపెట్టిన రాద్మిలా గారు

1998 అక్టోబరు 5వ తేదీన ప్రాగ్‌లో, మంచు మీద బరువైన రాళ్లను జార్చి వలయం నడిమికి చేర్చే ఆటైన కర్లింగ్‌కు చెందిన మన క్లబ్బులో శ్రీమతి రాద్మిలా వొయ్తీష్కొవా గారు సభ్యురాలిగా చేరారు. పగలంతా ట్రాము నడిపి, ఆ యూనిఫారంతోనే మంచు మైదానానికి వచ్చి, ఇతరులు వదిలిన రాళ్లకు ముందు బ్రష్‌తో దారి ఊడ్వడమే తమ ధర్మంగా ఇరవై ఆరేళ్లు సేవలందించారు. భుజాలు విరిగే ఆ పనిని మేమందరం తప్పించుకునేవాళ్లం. వారు అడిగి మరీ తీసుకున్నారు.

2004లో జాతీయ జట్టుకు ఎంపికై, రెండుసార్లు ఐరోపా పోటీలలో దేశం తరఫున ఆడారు. మన క్లబ్బు జట్టు నాయకురాలినైన నాకు ఆ భాగ్యం ఒక్కసారీ దక్కలేదు.

2011 జాతీయ ఫైనల్లో గెలిచిన క్లబ్బుకే ఐరోపా ప్రయాణం. నాకప్పుడు నలభై ఒకటి. అదే ఆఖరి అవకాశం. చివరి రాయి నేనే వదిలాను. అది వలయం నడిమికే పోతోంది. సగం దారిలో రాద్మిలా గారు ఊడ్వడం ఆపి, కాలు అడ్డుపెట్టి రాయిని ఆపేశారు.

“నా బ్రష్ తగిలింది,” అన్నారు.

“ఎవరు చూశారే? నోరు మూసుకోలేకపోయావా!” అని అరిచాను.

“నేను చూశాగా.”

నిజానికి అంపైరు కూడా చూడలేదు. అయినా తగిలిన రాయి చెల్లదు కనుక ఓడిపోయాం. గెలిచినవాళ్లు ఓడినవాళ్లకు బీరు ఇప్పించడం మన ఆచారం. రాద్మిలా గారు వెళ్లి గెలిచినవాళ్లతో కూర్చున్నారు, నేను ఇంటికి పోయాను. మర్నాడు మా గుమ్మంలోకి వచ్చారు.

“ఏమే ఇవోనా, ఇంకా మూతి ముడుచుకునే ఉన్నావా?”

“నా ఐరోపా ఆశ మంటగలిపావు కదే!”

“కలిపాను. రాత్రంతా ఏడ్చాను కూడా. కానీ తగిలింది కదే, ఏం చెయ్యను?”

ఏడాదిపాటు నేను వారితో మాట్లాడలేదు. ఆ తరువాత వారు క్లబ్బులోని బాలికలకు శిక్షకురాలై, తప్పు చేస్తే తామే చెయ్యెత్తి చెప్పాలనే నియమాన్ని ఆటకన్నా ముందు నేర్పారు. ఆ పిల్లలు ఈనాడు జాతీయ జట్టులో ఉన్నారు.

వారి గౌరవార్థం మన క్లబ్బు వేస్తున్న ఇలాంటి సంచికలో రాయదగని మాట ఒకటుంది, అయినా రాస్తున్నాను. అదే ఫైనల్లో, అంతకు గంట ముందు, నా బూటు తగిలి, ఆగి ఉన్న ఒక రాయి వేలెడంత జరిగింది. ఎవరూ చూడలేదు. నేను చెప్పలేదు. మీ మీద చూపిన కోపమంతా నా మీద నాకున్నదే, రాద్మిలా గారూ.

ఇది చదివి మీరు నన్ను నోరారా తిట్టాలి. తిట్టి, మళ్లీ “ఏమే” అని పిలవాలి. అందుకు ఎన్నేళ్లు పట్టినా సరిపోయేంత ఆయుష్షూ ఆరోగ్యమూ మీకు కలగాలని చేతులు జోడించి కోరుకుంటున్నాను.