హంపమ్మను కాలవలో వదిలేసిన పుస్తకం

"అవ్వా, ఈ నడమ చదివిన పుస్తకాలు ఎట్లుండాయో చెప్పు. ఫోన్లో రికార్డు పెట్టినా. ఆదివారం మా సభకు ఆ ప్రైజు వచ్చిన రచయిత గుడక వస్తాండాడు, నువ్వే రెండు మాటలు మాట్లాడల్ల."

వస్తాండాడా? రానీ. రానీలే. ఆయప్ప కోసరమే కాసుకోని ఉండా. ఆ ఫోను గూట్లో పెట్టు రేణుకా, కింద పెడితే నా కాలే తగులుతాది. ముందు కాపీ తాగు, చల్లారిపోతాది. మీయవ్వ, అదే మా చెల్లెలు, అదీ నీ మాదిరే, కాపీ ముందర పెట్టుకోని మాటల్లో పడతాండె.

పుస్తకాలా... నువ్వు తెచ్చిచ్చినవన్నీ చదివినా. సుమ్నే, ఊరికే కూసునేదానికి నాకు వేరే పనేముండాది. మొదట ఆ తెల్ల అట్టది చెప్తా, తెల్లారి లేస్తే బాగుపడతారని రాసిండేది. ఐదుకు లేయల్లంట. లేసి కండ్లు మూసుకోని, నేను గెలుస్తా గెలుస్తా అనుకోవల్లంట. మాయమ్మ బతికినన్నాళ్ళూ కోడి కూయకముందే లేసింది రేణుకా. పేడ ఎత్తి, నీళ్ళు తోడి, జొన్నరొట్టెలు తట్టి, మోక ఊరి కాడ చేన్లలో పత్తి తీసేకి పోతాండె. ఏం గెలిచింది? నడుము నొప్పి గెలిచింది. ఆ రాసినాయప్పకు ఐదుకు కాపీ ఎవురు పెట్టిస్తారో, అది మటుకు ఆ పుస్తకంలో యాడా లేదు. నేను కడదాకా చూసినా.

ఇంగొకటి మన బళ్ళారి జిల్లా మీద రాసింది. ఊరూరు తిరిగి రాసినానంటాడు. తిరిగినాడో, లాడ్జిలో పండుకోని రాసినాడో. అండ్ల ఏముండాదో తెలుసునా? ఈ గడి జనానికి, అదే సరిహద్దు జనానికి, సొంత బాస లేదంట. సగం తెలుగు సగం కన్నడ, ఏదీ సరిగా రాదంట. నాకు ఒళ్ళు మండిపాయ. రెండెద్దులుండే ఇంటికి పోయి, నీకు సేద్యం లేదు అని చెప్పినట్ల ఉండాది. నేను కన్నడ బడిలో చదివినా. తెలుగు అచ్చరాలు నేర్పిచ్చింది మా మామ, మాయమ్మ తమ్ముడు, జిన్నింగు మిల్లులో హమాలీ. అప్పుడు బస్టాండు కాడ బాడిగ పుస్తకాల అంగడి ఉండె. దినానికి ఐదు పైసలు. ఐదు పైసలకు గుప్పెడు బొరుగులు వస్తాండె ఆ కాలంలో. మామ బొరుగులు మానుకోని పుస్తకం తెస్తాండె. నేను బొరుగులే కావల్లని ఏడుస్తాంటి, ఆ మాట వేరే.

ఏం చెప్తాండా? ఆఁ, బాగుండేది ఒకటి ఉండాది, లేదనగూడదు. ఆ సన్న పుస్తకం, బడిలో అన్నం వండే ఆయమ్మ కత. రాసింది చిన్న వయసు పిల్లంట కదా. అండ్ల ఒకనాడు పప్పు మాడిపోతాది. దాన్ని ఎట్ల సరి చేసింది, పిల్లోళ్ళు ఏమన్నారు, అంతే కత. ఎవురూ సచ్చిపోరు. అది చదివి మూసినాక నాకు ఆకలాయ, లేసి పోయి చారన్నం కలుపుకుంటి.

సరే, నువ్వు అడిగేది ఆ నీలం అట్టది కదా. ప్రైజు వచ్చిండేది. దాని పేరు ఎత్తితే నాకు బీపీ ఎక్కుతాది, అయినా చెప్తా.

మధ్యాన్నం అన్నం ఊటాలు అయినాక మన ఈది ఆడోళ్ళంతా ఈ పడసాలలో చేరతారు, నువ్వు చూసిండావు. జీన్సు ప్యాంట్ల మూటలు తెచ్చుకుంటారు. కుట్టినాక యాలాడే దారాలు కత్తిరిచ్చే పని. నేను గుడక చేసినదాన్నే. ఇప్పుడు నా చేతిలో కత్తెర నిలవదు, వణుకుతాది. నోరు వణకదు కదా. అందుకే వాళ్ళు దారాలు కత్తిరిస్తాంటారు, నేను చదువుతాంటా. వాళ్ళకు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడ. హంపమ్మ అయితే ఏ బడికీ పోలే.

ఆ నీలం అట్టది రాసినాయప్ప రెండేండ్ల కింద ఈడికే వచ్చినాడు. ఇదే పడసాల. చాప మీద హంపమ్మ పక్కనే కూసోని మంచిగానే మాట్లాడినాడు, అబద్ధం చెప్పగూడదు. నేను చేసిన బొరుగుల ఉగ్గాని తిన్నాడు, ఇంగొంత పెట్టిచ్చుకోని తిన్నాడు. హంపమ్మ కతంతా అడిగినాడు. పోయేటప్పుడు, అమ్మా నీ కత పుస్తకం అవుతాది అనె. అంతే, ఆ పొద్దునించి ఆయమ్మ కొళాయి కాడ చెప్పె, రేషను అంగడిలో చెప్పె, నేను పుస్తకంలో వస్తాండా అని.

ఏందా కత అంటే... హంపమ్మది ఎమ్మిగనూరు, ఆంధ్రాది కాదు, మన జిల్లాలోదే. ఆడ ఆంధ్రానించి వచ్చిన రైతుల మడికట్లలో నాట్లు వేసేకి పోతాండె. మొగుడు తాగుబోతు. ఒకనాడు పొయ్యిలో కట్టె తీసి ఇసిరినాడు. అది ఆయమ్మకు కాదు, కూతురు శాంతకు తగిలె. చిన్నపిల్ల. ఆయమ్మ ఒక్క మాట అనకుండా పిల్లను తీసుకోని బయలుదేరె. వానాకాలం, దావంతా బురద. కొంచేపు ఎత్తుకోని, కొంచేపు నడిపిచ్చుకోని వచ్చె. బస్సు నిలిచే తావుకు ముందర కాలవ గట్టు దిగె. ఎందుకు దిగినట్లు? పిల్ల కాళ్ళకు బురద. బురద కాళ్ళతో ఎక్కితే కండక్టరు తిడతాడని. కాళ్ళు కడిగె, తను మొగం కడుక్కునె, కొంగుతో తుడిచె, గట్టెక్కె, బళ్ళారి బస్సెక్కె. అంతే.

ఈడ బ్రూస్‌పేటలో ఒక షెడ్డులో దారాలు కత్తిరిచ్చి, గుండీలు కుట్టి, మిషను నేర్చుకునె. ఇప్పుడు సొంత మిషన్లు రెండుండాయి. అయినా మధ్యాన్నం ఒక మూట తెచ్చుకోని నా కాడికే వస్తాది, కత వినేకి. ఆ శాంత ఎవురనుకున్నావు? నాకు బీపీ చూసేకి వస్తాది కదా నర్సమ్మ, ఆ పిల్లే.

పుస్తకం వచ్చె. నువ్వే తెచ్చిస్తివి. చదివేది మొదలుపెడితి. పేరు మార్చినాడు, నీలవ్వ అని పెట్టినాడు. పెట్టుకోనీ. ఊర్లో ఉన్నప్పుడే జీన్సు పని చేస్తాండాదని రాసినాడు. ముందుది ఎనక, ఎనకది ముందు చేసినాడు, కత కదా, దానికి నేనేమీ అనలే. ఒక తావ మటుకు నవ్వు వచ్చె. మన ఆడోళ్ళ వేళ్ళకు జీన్సు రంగు అంటి నీలంగా ఉంటాది కదా. ఆయప్ప దాన్ని, బతుకులోని విషమే వేళ్ళకు ఎక్కిందని రాసినాడు. అందరూ వాళ్ళ వాళ్ళ వేళ్ళు చూసుకోని నవ్విరి. సబ్బు పెడితే పోయే విషమా ఇది అనె హంపమ్మ. నిండా సంతోషంగా ఉండె ఆయమ్మ. దినానికి ఒకరిని కొత్తగా పిలుచుకోని వస్తాండె, రాండి రాండి నా కత అని.

నాకొక అలవాటు. మధ్యాన్నం చదివేది పొద్దున్నే ఒకసారి చూసుకుంటా, నోరు తిరగని మాటలుంటాయని. కడపటి చాప్టరు అట్లే చూస్తాంటే నా చేతిలో కాపీ లోటా అట్లే నిలిచిపాయ. నీలవ్వ కాలవలో దిగుతాది. నీళ్ళు మోకాళ్ళకు వచ్చె, నడుముకు వచ్చె. బిడ్డను ఎదకు కరుచుకునె. గట్టు మీద చెప్పులు మిగిలె. అయిపాయ! దానికి ప్రైజు! నాకు బీపీ చూసే పిల్లను గుడక నీళ్ళలో ముంచినాడు రేణుకా.

నవల కదా అవ్వా అంటావా? నవల అని నాకు తెలీదా? నువ్వు పుట్టకముందునించి చదువుతాండా. ఆయప్ప సొంతంగా పుట్టిచ్చినోళ్ళను సంపుకోనీ, నాకేం. బతికొచ్చిన మనిషి పక్కన కూసోని, ఎట్ల బతికినానో ఆయమ్మ చెప్తాంటే తలకాయ ఊపి, ఇంటికి పోయి సావు రాస్తాడా? పేదోళ్ళు సస్తేనే కత అవుతాదా? బతికితే ప్రైజు ఇయ్యరా? సచ్చేదానికేం ఉండాది, కాలవ ఉండాది. ఆ వానలో, ఆ ఏడుపులో, కండక్టరు తిడతాడని ముందుగా తెలిసి బిడ్డ కాళ్ళు కడిగింది చూడు, దానికి ఎంత తెలివి కావల్ల!

నాకు చదివేకి నోరు రాలే. కండ్లద్దాలు కనపడలేదంటి, గొంతు పట్టిందంటి. రెండు మూడు దినాలు అట్లే తోస్తి. మార్చి చదవచ్చు కదా అని నీకు అనిపిస్తాది. ఆయమ్మకు అచ్చరం రాదు, నేను ఏది చెప్తే అదే పుస్తకం. బస్సెక్కింది అని చదివేస్తే అయిపాయ. నాకు మనసు ఒప్పలే. చదవడం రానోళ్ళకు మనమే అబద్ధం చదివితే, ఇంగ వాళ్ళు ఎవురి కాడికి పోతారు?

నిన్న ఆయమ్మే అడిగె. "అక్కా, నన్ను సంపినాడా?" అని.

ఇంగేం దాచల్ల. చదివినా. ఒక్క అచ్చరం ఇడిసిపెట్టకుండా చదివినా. హంపమ్మ దారాలు కత్తిరిస్తానే వినె. అయిపోయినాక తలకాయ ఎత్తి, "పిల్ల కాళ్ళు కడిగింది రాయలేదా?" అనె. లేదు హంపమ్మా అంటి. "నేను చెప్పింది అదే కదక్కా" అనె. మూట కట్టుకోని లేసిపాయ. కత్తెర ఈడే మరిసిపాయ, చూడు, ఆ కిటికీలో ఉండాది. పొద్దున కొళాయి కాడికి గుడక రాలేదంట. రెండేండ్లు ఈదిలో అందరికీ చెప్పుకునె కదా, ఇప్పుడు ఎదురైన ప్రతి ఒక్కరికీ ఏం చెప్తాది? నాకు కోపంగా ఉండాది రేణుకా. ఎవురి మీద కోపమో వాళ్ళు ఉగ్గాని తిని పోయినారు.

ఆదివారం నన్ను మాట్లాడమంటావు. నేను ఏం మాట్లాడేది, సచ్చింది నేను కాదు కదా. నువ్వు గుడక కతలు రాస్తాండావంట, మీయమ్మ చెప్పె. రాయి. నీ చెయ్యి చల్లగుండల్ల. బతికినోళ్ళు నీ పుస్తకంలో బతికే ఉండల్ల, అంతకంటే నేనేం దీవిచ్చేది...

ఉండు. గేటు సప్పుడాయ. ఎవురది?

రా హంపమ్మా, రా. కత్తెర కోసరం వస్తివా? ఇస్తాలే, ముందు కూసో. ఇది మా చెల్లెలి మనవరాలు రేణుక, ఆదివారం సభ చేస్తాండేది వీళ్ళే. అట్ల మొగం తిప్పుకోవద్దు, ఈ పిల్ల ఏం చేసె పాపం. నేను చెప్పేదంతా చెప్పేసినా. రేణుకా, ఆ ఫోను గూట్లోనించి తీసి ఆయమ్మ దిక్కు పెట్టు. ఇంగా దగ్గరికి, ఆఁ, అట్ల. సభలో ఇదే వినిపించు, ఆయప్ప ముందరే.

చెప్పు హంపమ్మా. కాలవలో దిగింది ఆయప్ప రాసినాడు. గట్టెక్కింది నువ్వు చెప్పు.