రెండు వరసల సీసాలు

డ్యాము వెనక నీళ్ళ మీద, మంచు విడిచిన వేళ, ఒక నాటుపడవ. తెడ్డు ముసలి యర్రయ్య చేతిలో ఉంది. మీటరుకో ముడి వేసి కొసకు రాయి కట్టిన తాడూ, ఒళ్ళోని మ్యాపూ పవర్‌హౌస్ ఇంజినీరు ప్రసన్నవి.

“అటు కాదు తాతా. ఆ తేలే సీసాల వైపు పోనీ.”

“సీసాలకాడ ఏటుందమ్మా? అడుగున టేకు మొద్దులు. గురుతుకే సీసాలు కట్టేను. మొన్ననే సెప్పేను గదా.”

“చెప్పావు. మూణ్ణెల్లుగా చెబుతున్నావు. ఒక్కసారి చూసి వచ్చేద్దాం.”

“నీళ్ళ కింద మొద్దుని ఏటి సూత్తావు?”

“అందుకే తాడు తెచ్చాను.”

“గాలి లేత్తాది. బేగి ఒడ్డుకి పోదాం. నీకు డూటీ లేదేటి?”

“ఆదివారం. క్వార్టర్సులో నేనూ, వాచ్‌మన్ రేడియోనూ. పోనీ.”

“పోతన్నాను, పోతన్నాను. నువ్వు కడతన్న ఇమానం ఎందాకా వొచ్చింది?”

“తోక అయింది. రెక్కలకి రేకు కొడుతున్నాను. కింద ఫ్లోట్లు ఇంకా కట్టలేదు.”

“ప్లోట్లంటే?”

“చెప్పాను కదా, చక్రాల బదులు రెండు తెప్పలు. నీళ్ళ మీద పరిగెత్తి లేస్తుంది. నీళ్ళ మీదే దిగుతుంది.”

“బాతునాగ.”

“బాతుకి ఇంత జాగా అక్కర్లేదు. ఇద్దరు కూర్చుంటే దీనికి తిన్నగా ఐదొందల మీటర్లు కావాలి. అనుమతికి పంపే మ్యాపులో ఆ గీత గీసి చూపించాలి. నువ్వు మొద్దులన్న చోట్లన్నీ తీసేస్తే నాకు మిగిలింది మూడొందలు.”

“అయితే ఏటి సేసేవు?”

“రెండో సీటు కొట్టేశాను. ఒక్క మనిషి బరువైతే ఆ మూడొందలు చాలు.”

“ఒక్క సీటా? సైకిలుకైనా ఎనకాల కేరేజీ ఉంటాది గదమ్మా!”

“ఉంటుంది. ఎక్కేవాళ్ళు కూడా ఉంటారు.”

“మీ అమ్మ రాదేటి?”

“అమ్మకి లిఫ్టన్నా భయమే.”

“మీ పవరోసోళ్ళు?”

“ఒక్కొక్కరే ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని కొండ దిగిపోయారు. మూడేళ్ళలో నాతో ఇంతసేపు మాట్లాడింది నువ్వే. ఆపు. ఇక్కడే.”

“ఇక్కడొద్దు.”

“ఆపు తాతా. రాయి వేస్తున్నాను... మూడు... ఆరు... తొమ్మిది. తొమ్మిది మీటర్లు. రాయి మెత్తగా మట్టిలో దిగింది. మొద్దేదీ?”

“పక్కకి ఒరిగిపోయుంటాది.”

“ఇటు వేస్తాను. తొమ్మిదే. అటూ తొమ్మిదే. నీ మొద్దు ఒరిగిందా, ఈదుకుంటూ పోయిందా?”

“ముసలోణ్ణమ్మా. జాపకం ఉండదు.”

“జ్ఞాపకం లేనివాడివి సీసాలు ఇంత వరసగా ఎలా కట్టావు? ఇటు పదకొండు, అటు పదకొండు. టేకుచెట్లు బడిపిల్లల్లా ఎదురెదురుగా నిలబడి మొలిచాయా?”

“గాలి లేత్తంది.”

“ఆకు కదలడం లేదు.”

“లేత్తాదంతన్నాను.”

“నీ మాట నమ్మి నా ప్లాను సగం చేసుకున్నాను తాతా. తెప్పలు కురచ చేశాను, సీటు తీసేశాను. నన్నెందుకు ఇన్నాళ్ళు తిప్పావు?”

“నాను తిప్పలేదు.”

“సరే. ఈ సీసా తాడు కత్తితో కోసి పైకి లాగుతాను. కొసన ఏం కట్టావో...”

“కొయ్యకు! కొయ్యకమ్మా, నీ కాళ్ళట్టుకుంతాను. అది సుక్రుగాడి ఇల్లు!”

“ఏంటి?”

“సుక్రుగాడి ఇల్లు. పక్కది సోమన్నది. ఆ పక్కది గంగది, పెరట్లో పనసచెట్టూను.”

“ఇక్కడ ఇళ్ళా?”

“మా ఊరమ్మా. మునిగి యాభై యేళ్ళయింది. ఈ కట్టకి రాళ్ళు మోసింది మామే. నీళ్ళు మా గుమ్మాల్లోకే వొత్తాయని ఎవులూ సెప్పలేదు. నీళ్ళొచ్చిన యేడు నాకు పెళ్ళయి ఆర్నెల్లు. మా కనక, నా పెళ్ళాం, పొయ్యి మీద అంబలి కుండ ఉన్నాది, దించుకొత్తానని ఎనక్కి పరిగెట్టబోయింది. సెయ్యట్టుకు లాక్కొచ్చేను.”

“మరి ఈ సీసాలు?”

“ముందు ఎదురు బొంగులు పాతేం, గుమ్మానికొకటి. అవి కుళ్ళిపోతే ఆనపబుర్రలకి రాయి కట్టి వొదిలేం. ఇప్పుడు సీసాలు. టూరిస్టులు పారేత్తారు గదా. తాడు తెగితే ఆ కొండ ముక్కుకీ ఈ బండకీ గురి సూసుకుని మళ్ళీ కడతాను.”

“నువ్వొక్కడివేనా?”

“ముందు పదిమందిమి వొచ్చేవోళ్ళం. పండగనాడు ఎవులి గుమ్మంకాడ ఆళ్ళు పడవాపి గుప్పెడు సోళ్ళ గింజలు ఏసేవోళ్ళు. కొందరు ఇటుకబట్టీలకి ఎల్లిపోనారు. కొందరు సచ్చిపోనారు. మా కనకా పోయింది. సుక్రుగాడు మొన్నటి వానల్లో పోనాడు. ఇప్పుడు ఏ సీసా ఎవులిదో నాకొక్కడికే తెలుసు.”

“నాతో ముందే చెప్పొచ్చు కదా. మొద్దులని ఎందుకన్నావు?”

“మొద్దంటే భయపడి పడవలోళ్ళు పక్కనించి పోతారమ్మా. ఇల్లంటే ఎవులు భయపడతారు?”

“కత్తి లోపల పెట్టేశాను తాతా. ఒడ్డుకి పోదాం పద.”

“మరి నీ గీత?”

“ఆ మూడొందలే ఉండనీ. ఒక్క సీటే చాలు. నీ ఊరి మీద దిగను.”

“ఉండు. నీ తెప్పలు రెండిటికీ మద్దిన ఎంత?”

“బారకి కాస్త ఎక్కువ. ఎందుకు?”

“మరి రెక్కలు?”

“రెక్కలు పైన ఉంటాయి. సీసాలకి తగలవు. ఎందుకు తాతా?”

“మా ఊరి ఈది ఎనిమిది బార్ల ఎడల్పు. సేతులట్టుకుని థింసా ఆడితే ఊరు ఊరంతా పట్టీది. ఈ వరసకీ ఆ వరసకీ మద్దిన సెట్టు లేదు, పుట్ట లేదు. ఈది దాటితే పొలాలు, అదిగో ఆ కొండ మొదలుదాకా. నీకెంత గావాల?”

“ఐదొందలు.”

“ఉంటాది. ఎక్కువే ఉంటాది. ఇళ్ళ మీంచి రాకు. ఈదిలోంచి రా.”

“తాతా...”

“గియ్యమ్మా. పెన్సిలట్టుకుని నా మొకం సూత్తావేటి?”

“గీశాను. ఇదిగో, రెండో సీటు కూడా మళ్ళీ పెట్టాను. అందులో మొదట ఎక్కేది నువ్వే. నీ బరువెంత?”

“సంతలో కాటా ఎక్కితే నలభై ఆరన్నారు. గానీ నానెక్కను.”

“భయమా?”

“భయమేటి? ఆ ఎర్రమూత సీసా సూసేవా? అది మా ఇల్లు. నువ్వు దిగీ రోజు ముందే సెప్పు, పడవ ఆడ కట్టుకుని కూకుంతాను. ఇన్నేళ్ళకి మా ఈదిలోకి ఒకులు వొత్తంటే, ఇంటికాడ మనిషుండాల గదమ్మా.”