నదికి ఇచ్చిన బిడ్డ

(సాయంత్రం, నది ఒడ్డున. తల్లి ఆమ్లాన్, కూతురు అహూ.)

“లే అహూ. ఈ తెల్లబట్ట కట్టుకో. ఊరంతా నీకోసమే చూస్తోంది.”

“వద్దమ్మా.”

“వద్దంటే ఎలా? పెద్దలు పీట వేయించారు. మనింటి ఆడపిల్లకి అంత మర్యాద ఎప్పుడైనా...”

“పాలు చేపుతున్నాయమ్మా. గుడ్డంతా తడిసిపోయింది. ఇది వాడు తాగే వేళ.”

“...ఆ నీళ్లకేసి చూడకు. ఇటు తిరుగు.”

“రాణి కథ చెప్పు.”

“ఇప్పుడా? నీకు తెలియందేముంది అందులో?”

“చెప్పు. విన్నాక వస్తాను.”

“ఏముంది... వెనక శత్రువులు తరుముకొస్తున్నారు. ముందు నది, పొంగి ఉంది. మీకు అన్నిటికన్నా ప్రియమైంది ఇస్తేనే దారి అంది. బంగారం వేశారు, పుచ్చుకోలేదు. అప్పుడు రాణి తన కొడుకుని ఎత్తి నీళ్లలో వేసింది. మొసళ్లు వీపులు కలిపి వంతెన కట్టాయి. జనమంతా దాటారు. అంతే.”

“దాటాక రాణి ఏం చేసింది?”

“ఏం చేస్తుంది, ఏలింది.”

“నిద్రపోయిందా?”

“అది కథలో లేదే.”

“వాణ్ణి పేరు పెట్టి పిలిచిందా ఎప్పుడైనా?”

“లేదంటున్నానుగా. మా అమ్మ ఇంతవరకే చెప్పింది.”

“మొదట ఎవరు చెప్పారమ్మా ఈ కథ?”

“ఎవరేమిటి... దాటినవాళ్లు.”

“దాటినవాళ్లే. రాణి కాదు.”

“అహూ, లే తల్లీ. నీ కడుపుకోత నాకు తెలీదా? నీ కొడుకు యావోకి బొడ్డు కోసింది నేను కాదూ? కానీ నువ్వు చేసింది మామూలు పని కాదే. సంత నుంచి వస్తూ పడవ సుడిలో పడితే, అందరూ పోతారనగా, బిడ్డని నదికిచ్చి అందర్నీ ఒడ్డుకి చేర్చావు. అప్పుడే పాట కట్టారు నీ మీద.”

“ఏమని?”

“లేచి నిలబడ్డావని. వాణ్ణి ముద్దుపెట్టుకున్నావని. నీ చేతులు వణకలేదని.”

“ఎవరు చూశారట?”

“పడవలోవాళ్లంతా. మీ నాన్న నీ వెనకే ఉన్నాడుగా, తెడ్డు వేస్తూ.”

“నాన్న చెప్పాడా?”

“ఇంటింటికీ తిరిగి చెబుతున్నాడు. తిండి ముట్టడు, పడుకోడు, చెబుతూనే ఉన్నాడు.”

“నీకు చెప్పేటప్పుడు నీ మొహం చూశాడా?”

“అదేం ప్రశ్నే?”

“చూశాడా అమ్మా?”

“...లేదు. గోడకేసి తిరిగి చెప్పాడు. ఏడుపు దాచుకుంటున్నాడు అనుకున్నాను.”

“నేను ఇవ్వలేదమ్మా. వాణ్ణి గుండెకి అదుముకుని కూర్చునే ఉన్నాను. లాక్కున్నారు. నా చేతులు విడదీసింది నాన్నే.”